రాణులను డిపాజిట్ చేయవలెను

తేనెటీగలు ప్రభుత్వ ఆస్తి అన్న సంగతి తేనెటీగలకు తెలియదు. గొడవంతా అక్కడే మొదలైంది.

మాది తేనెటీగల పెంపక ప్రోత్సాహక సంస్థ, డివిజను కార్యాలయం. నేను సూపరింటెండెంటుని. నా చేతికింద ఇద్దరు గుమాస్తాలూ, భద్రం అనే అటెండరూ ఉన్నారు. నా పైన సహాయ సంచాలకులు డాక్టర్ సదాశివమూర్తి గారు. ఆయన తేనెటీగల మీదే డాక్టరేటు చేశారు. చదివిన చదువుకీ చేసే ఉద్యోగానికీ సంబంధం ఉన్న ఆఫీసరు మా శాఖలో ఆయనొక్కరే. అందుచేత ఆయన నోరు విప్పితే చాలు, ఏదో సొంత లాభం చూసుకుంటున్నారని పైవాళ్ళకి అనుమానం. కొన్నాళ్ళు చూసి ఆయన నోరు విప్పడం మానేశారు.

మా ఆఫీసులో ఇంకో మంచి అలవాటుంది. ఎవరూ పూర్తి సంతకం పెట్టరు. అందరివీ పొట్టి సంతకాలే. ఓ గీత, దాని కింద చుక్క. రేపు ఏదైనా విచారణ వస్తే ఆ గీత ఎవరిదో తేలేలోపు మనిషి రిటైరైపోతాడు. నా గీత అయితే నాకే గుర్తు పట్టడం కష్టం.

ఇక పథకం సంగతి. గోదావరి లంకల్లో కూరగాయలు పండించే ఆడవాళ్ళకి తలా ఒక తేనె పెట్టె ఇవ్వాలి. పెట్టెలో ఈగలు, ఈగలకొక రాణి. పెట్టెకి పసుపు రంగు వేసి, ఎర్ర అక్షరాలతో లబ్ధిదారు పేరు రాయించి ఇవ్వాలి. పేర్లు రాసేది భద్రం. పంపిణీ రోజున అందరూ ఈగలు కుడతాయా, తేనె ఎప్పుడొస్తుంది అని అడుగుతుంటే, నేరేడులంక నుంచి వచ్చిన పెచ్చెట్టి మంగతాయారు మాత్రం భద్రం పక్కన గొంతుక్కూర్చుని కుంచె వంకే చూస్తోంది.

"కాస్త పెద్దక్షరాలు రాయండి బాబూ. రోడ్డు మీంచి కనపడాలి."

"ఎందుకమ్మా? ఈగలకేమన్నా చదువొచ్చా?" అన్నాను.

"ఈగలకి కాదండి, మనుషులకండి. ఇల్లు మావారి పేరునుందండి. గేదె మా మరిది పేరునుందండి. కరెంటు బిల్లు ఇప్పటికీ మా మావగారి పేరునే వత్తదండి, ఆయన పోయి ఎన్నాళ్ళైందో. పెళ్ళికొచ్చిన బిందెల మీద కూడా ఇచ్చినోళ్ళ పేర్లే చెక్కించేరండి. నా పేరు రాసున్న సామానం మా ఇంట్లో ఇదే మొదటిదండి."

భద్రం ముచ్చటపడి మరీ పెద్దక్షరాలు రాశాడు. చివరికొచ్చేసరికి చోటు చాలక 'రు' అనే అక్షరాన్ని పెట్టె పక్క చెక్క మీదకి తిప్పాడు. ఆవిడకది ఇంకా నచ్చింది. రెండు వైపుల్నుంచీ కనిపిస్తుందంది.

ఏడాది బాగానే గడిచింది. పూలకాలం వచ్చింది.

తేనెటీగల ఇంట్లో ఒక ఆచారం ఉంది. మన ఇళ్ళలో కూతురు పెద్దదైతే కూతురు వెళ్ళిపోతుంది. వాటి ఇంట్లో తల్లి వెళ్ళిపోతుంది. పూలు విరగబూసి, పిల్లలు పెరిగి, ఇల్లు ఇరుకయ్యేసరికి పెద్ద రాణి సగం మందిని వెంటేసుకుని, కట్టిన ఇల్లూ నింపిన తేనే కూతురికి వదిలేసి, పోయి ఏ కొమ్మకో వేలాడుతుంది. తర్వాత ఏ తొర్రో చూసుకుని కొత్త కాపురం పెడుతుంది. లంకల్లో దీన్ని ఈగలు లేవడం అంటారు. సృష్టి మొదలుకొని ఈ ఏర్పాటు మీద ఎవరికీ అభ్యంతరం లేదు. మొట్టమొదటి అభ్యంతరం మా ఆడిట్ వాళ్ళు రాశారు.

"ప్రభుత్వము సమకూర్చిన రాణి పెట్టెలో లేదు. పెట్టెలో ఉన్న రాణి ప్రభుత్వము సమకూర్చినది కాదు. సగము ఈగలు ముందస్తు అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్ళినవి. బాధ్యులెవరో తెలుపవలెను."

ఈ ముక్కతో మా శాఖ కాళ్ళ కింద నేల కదిలింది. సదాశివమూర్తి గారు చాలాకాలానికి నోరు విప్పి ఒక నోటు పెట్టారు. ఇల్లు ఇరుకైనందున ఈగలు లేచిపోవుచున్నవి, సీజనుకు ముందే రెండవ పెట్టె ఇచ్చి గుంపును మనమే రెండుగా పంచినచో ఎక్కడికీ పోవు అని. వారం తిరక్కుండా కమిషనర్ కార్యాలయం నుంచి జవాబు వచ్చింది.

"నిబంధనల ప్రకారము ఒక లబ్ధిదారునకు ఒకే పెట్టె. రెండు పెట్టెలు గలవారు కలిగినవారుగా పరిగణింపబడి పథకమునకు అనర్హులగుదురు. కావున పెట్టెతో నిమిత్తము లేని పరిష్కారము సూచించవలెను."

మూర్తిగారు ఆ కాగితం చదివి, మడిచి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ నోరు మూసేసుకున్నారు.

పరిష్కారాలు పైనుంచే రావడం మొదలెట్టాయి. ముందుగా ఈగలు లేవడానికి ఒక గౌరవప్రదమైన పేరు పెట్టారు: అనధికార సామూహిక నిష్క్రమణ. మరుసటి పూలకాలానికి లక్ష్యం, సున్నా నిష్క్రమణ. ఏ పెట్టెలో నిష్క్రమణ జరిగితే ఆ పెట్టె వెనక్కి తీసుకుని, దాని మీది పేరు గీకేసి, ఇంకొకరి పేరు రాయించి ఇవ్వాలన్నారు. ఆ తర్వాత ప్రతి పెట్టెకీ హెచ్చరిక నోటీసు అంటించమన్నారు. అంటించాం. లబ్ధిదారుల చేత 'మా ఈగలు మా పెట్టెలోనే' అని ప్రతిజ్ఞ చేయించమన్నారు. చేయించాం. ఈగలకు కౌన్సెలింగ్ ఇప్పించమన్నారు. మా శాఖలో కౌన్సిలర్లు లేరు కాబట్టి భార్యాభర్తల తగవులు తీర్చే ఆవిణ్ణి ఇంకో శాఖ నుంచి అరువు తెచ్చాం. ఆవిడ ప్రతి పెట్టె ముందూ కుర్చీ వేయించుకుని, "ఎక్కడైనా ఉండేవే గొడవలు, సర్దుకుపోవాలమ్మా" అని చెప్పి వెళ్ళింది. ఎవరికైనా ఆవిడ చెప్పేది అదేనట.

అయినా ఈగలు సర్దుకుపోలేదు. పక్క డివిజన్లో ఒక గుంపు నోటీసు అంటించిన రోజునే లేచింది.

అప్పుడు కమిషనర్ గారు వీడియో కాన్ఫరెన్సు పెట్టారు. ఆయన ఈ శాఖకి కొత్త. అంతకుముందు శాంతిభద్రతలు చూసి వచ్చారు. తెర మీద ఆయన మొహం నిండుగా కనిపిస్తోంది.

"మూర్తిగారూ, ఈ నిష్క్రమణకు నాయకత్వం వహించేది ఎవరు?"

"రాణి అండి."

"రాణి లేకుండా మిగతావి వెళ్తాయా?"

"సాధారణంగా వెళ్ళవండి. కానీ..."

"కానీలు తర్వాత. ఎన్నికల కోడ్ వస్తే లైసెన్సు తుపాకులు ఏం చేయిస్తాం?"

"పోలీసు స్టేషన్లో డిపాజిట్ చేయిస్తామండి."

"ఎందుకు?"

"ఎన్నికలయ్యే దాకా గొడవలు జరక్కుండా అండి."

"మరి?" అన్నారు కమిషనర్ గారు, వెనక్కి వాలి.

తెర మీదున్న డివిజన్లన్నీ ఒక్కసారి చప్పట్లు కొట్టాయి. మూర్తిగారి 'కానీ' ఆ చప్పట్లలో కొట్టుకుపోయింది. రెండు రోజుల్లో సర్క్యులర్ దిగింది. పూలకాలం ముగియు వరకు లబ్ధిదారులందరూ తమ తమ రాణులను సమీప డివిజను కార్యాలయమునందు డిపాజిట్ చేసి రసీదు పొందవలెను.

రసీదు నమూనా మాకెవరూ పంపలేదు. కాబట్టి పోలీసు స్టేషన్ నుంచి తుపాకుల రసీదే అడిగి తెచ్చి అచ్చు వేయించాం. తుపాకీ అన్నచోట రాణి అని మార్చాం గానీ, మిగతా గడులు మార్చే అధికారం మాకు లేదు. అందువల్ల ప్రతి రసీదులోనూ 'తూటాలు: లేవు, గొట్టము: లేదు' అని రాసి పొట్టి సంతకం పెట్టాను.

డిపాజిట్ రోజున ఆఫీసు ముందు లైను కట్టిన ఆడవాళ్ళ చేతుల్లో అగ్గిపెట్టెలు. సూదితో బెజ్జాలు పొడిచిన అగ్గిపెట్టెలో ఒక రాణి, దానికి తిండి పెట్టడానికి నాలుగు కూలి ఈగలు. రాణి తనంతట తాను తినదు. ఈ కూలి ఈగలు డ్యూటీ మీద వచ్చినట్టా, డెప్యుటేషన్ మీద వచ్చినట్టా అని మా గుమాస్తా ఒక ప్రశ్న లేవదీశాడు. దాని మీద పైకి రాశాం. జవాబు ఇప్పటికీ రాలేదు.

మంగతాయారు వంతు వచ్చింది. అగ్గిపెట్టె బల్ల మీద పెట్టింది గానీ చెయ్యి తియ్యలేదు.

"తల్లిని తీసుకుపోతే పిల్లలు బెంగెట్టుకోవాండి?"

"సీజను అయ్యాక ఇచ్చేస్తాం కదమ్మా."

"ఇవ్వకపోతే పేరు గీకేత్తారాండి?"

"నిబంధన మరి."

ఆవిడ కాసేపు ఆలోచించి చెయ్యి తీసేసింది. రసీదు నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది.

రాణులను ఆఫీసు ఇనప బీరువాలో పెట్టి, గాలి కోసం తలుపులకి బెజ్జాలు కొట్టించి, తాళం వేసి, లక్క సీలు వేశాం. పూట పూటకీ సీలు విప్పి పంచదార పాకం పెట్టి మళ్ళీ సీలు వేయడం భద్రం పని. ప్రతి నెలా 'సదరు రాణులు జీవించియున్నవి' అని ధ్రువపత్రం ఇవ్వడం నా పని. బీరువాలోంచి సన్నగా జుమ్మనే మోత వస్తూ ఉండేది. ఫైళ్ళు చూసుకుంటూ వింటుంటే ఒక్కోసారి ప్రాణానికి హాయిగా ఉండేది. ఇంకోసారి ఎందుకో దిగులేసేది.

మంగతాయారు సోమవారం సోమవారం చూడ్డానికి వచ్చేది. ములాఖత్ అన్నమాట. వచ్చినప్పుడల్లా జామపూత రెమ్మ ఒకటి తెచ్చి బీరువా బెజ్జంలో గుచ్చేది.

"బయటి తిండి పెట్టకూడదమ్మా."

"తిండి కాదండి, వాసనకండి. చీకట్లో ఉంది కదండి పాపం."

ఆ పూలకాలంలో మా డివిజన్లో ఒక్క గుంపూ లేవలేదు. కమిషనర్ గారు అభినందన పంపారు. తుపాకుల కిటుకు ఈగల మీద పారిందని అందరం మురిసిపోయాం.

అప్పుడొక సోమవారం మంగతాయారు పరుగున వచ్చింది. చేతిలో పూల రెమ్మ లేదు.

"సూపర్నెంటు గారండీ! మా పెట్టెలో ఇంకో రాణుందండి! బంగారంలా ఉందండి, గుడ్లు కూడా పెట్టేత్తందండి!"

వెంటనే అన్ని లంకలకీ మనుషుల్ని పంపాం. అన్ని పెట్టెల్లోనూ అదే కథ. తల్లి కనపడకపోయేసరికి ఈగలు ఉన్న పిల్లల్లోంచి ఒకదానికి ప్రత్యేకం మేతపెట్టి కొత్త రాణిని తయారుచేసుకున్నాయి. నేను గాభరాగా మూర్తిగారి గదిలోకి వెళ్ళాను.

"ఇలా జరుగుతుందని మీకు తెలుసాండీ?"

"తెలుసు. నా థీసిస్‌లో మూడో అధ్యాయం."

"మరి చెప్పలేదేమండీ?"

"నన్నెవరూ అడగలేదు," అన్నారాయన, కిటికీలోంచి చూస్తూ.

విషయం కమిషనర్ గారికి నివేదించాం. ఆయన మండిపడ్డారు. నోటిఫికేషన్ లేకుండా, ఆర్థికశాఖ ఆమోదం లేకుండా ఈ నియామకాలు చేసిందెవరని అడిగారు. ఈగలండి అన్నాం. నియామకాధికారం ఈగలకి లేదన్నారు. అన్ని నియామకాలనూ రద్దు చేద్దామా అని అనుకుంటుండగా వారి న్యాయ విభాగం ఒక దారి చూపింది. కొత్త రాణి పాత రాణి కూతురే కాబట్టి దీన్ని కారుణ్య నియామకంగా పరిగణించవచ్చట. తల్లి సర్వీసులో ఉండగా పోతే కూతురికి ఉద్యోగం ఇవ్వడం ఉన్నదే. కావలసిందల్లా తల్లి మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, తండ్రి పేరు. రాణికి మొగుడు ఒక్కడు కాదు కాబట్టి తండ్రి పేరు దగ్గర మూర్తిగారు చాలా ఇబ్బంది పడ్డారు. మరణ ధ్రువపత్రం దగ్గర నేను పడ్డాను. తల్లులు నా బీరువాలోనే ఉన్నాయి. అవి జీవించియున్నవని నెలనెలా రాసిస్తున్నది నేనే.

తల్లి బతికుండగా కూతురి పోస్టు చెల్లదు. కూతురు పోస్టులో ఉండగా తల్లికి జాయినింగు ఇవ్వడానికి లేదు. ఫైలు పైకీ కిందికీ తిరిగి తిరిగి తాడు తెగింది. చివరికి కమిషనర్ గారే తేల్చారు. సీజను ముగిసినందున తల్లులను యథాస్థానములందు పునఃప్రవేశపెట్టవలెను. కూతుళ్ళను రాణి హోదా నుండి తొలగించి కూలి ఈగలుగా రివర్ట్ చేయవలెను. ఆ ఉత్తర్వు కాపీ ప్రతి పెట్టెకూ అంటించవలెను. కార్యక్రమానికి తామే స్వయంగా వస్తామన్నారు.

నేరేడులంక బడి ఆవరణలో షామియానా వేశాం. సన్నాయి మేళం పెట్టించాం. పసుపు పెట్టెలన్నీ వరసగా బల్లల మీద, పక్కన లబ్ధిదారులు పట్టుచీరల్లో. నేను అగ్గిపెట్టెల బుట్ట పట్టుకుని కమిషనర్ గారి వెనకాల. ఆయన తెల్ల గ్లౌజులు తొడుక్కుని, మొహానికి వల వేసుకుని మొదటి పెట్టె మూత తీశారు. మొదటి తల్లిని వదిలారు.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత చుట్టూ ఉన్న ఈగలు గబగబా మీదకొచ్చి దాన్ని కమ్మేసి ముద్దగా చుట్టేశాయి. నిమ్మకాయంత ముద్ద. అందులో తల్లి ఎక్కడుందో కనపడటం లేదు.

"చూడండి!" అన్నారు కమిషనర్ గారు మైకులో. "ఎన్నాళ్ళకో వచ్చిన తల్లిని ఎంత ప్రేమగా కౌగిలించుకున్నాయో చూడండి!"

చప్పట్లు మోగాయి. సన్నాయి అందుకుంది. నా పక్కన మూర్తిగారు చప్పట్లు కొట్టలేదు. నేల చూపులు చూస్తున్నారు.

మంగతాయారు పెట్టె వరసలో చివరది. ఆవిడ మెల్లగా మూర్తిగారి దగ్గరికొచ్చింది.

"అయ్యా, తమరు చప్పట్లు కొట్టలేదేంటండి? అది కౌగిలింతేనాండి?"

ఆయన గొంతు తగ్గించి, "కాదమ్మా. చంపేస్తున్నాయి. ఒక పెట్టెలో ఇద్దరు రాణులను అవి ఉండనివ్వవు," అన్నారు.

"నా తల్లినీ అంతేనాండి?"

"అంతే."

"రెండూ బతకాలంటే ఏం చెయ్యాలండి?"

మూర్తిగారు తలెత్తి ఆవిడ వంక విచిత్రంగా చూశారు. ఆవిడ అడిగిన ప్రశ్నని ఈ శాఖలో చేరింది మొదలు ఆయన్ని ఎవరూ అడగలేదు. కళ్ళజోడు తీసేశారు. ఇక గండి పడిన కాలవే. వేరే గూడు కావాలమ్మా, మట్టికుండైనా చాలు, అడుగున చిన్న చిల్లు పెట్టు, పిల్లలున్న పట్టు ఒకటి కోసి లోపల కట్టు, దాని మీది ఈగల్తో సహా తల్లిని అందులో వదులు, తల్లిని ముందు అగ్గిపెట్టెలోనే ఉంచి అలవాటు పడనియ్యి, రెండు గూళ్ళనీ దూరంగా పెట్టు, నాలుగు రోజులు పాకం పొయ్యి. ఆయన చేతులతో కుండ ఆకారం గాలిలో గీసి మరీ చూపిస్తున్నారు. ఆ మనిషి అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"శ్రీమతి పెచ్చెట్టి మంగతాయారు గారు!" అని మైకులో పిలిచారు.

ఆవిడ పేరు మైకులో వినపడటం అదే మొదటిసారి అనుకుంటాను. నేరేడులంక అంతా ఒకసారి తిరిగి చూసింది. ఆవిడ చీర కొంగు సర్దుకుని పెట్టె దగ్గరికి వెళ్ళింది. కమిషనర్ గారు అగ్గిపెట్టె కోసం నా వైపు చెయ్యి చాచారు.

"వద్దండి," అంది మంగతాయారు. "నా రాణి నా చేతికిచ్చేయండి."

"ఏంటమ్మా?"

ఆవిడ రవికెలోంచి రసీదు తీసి మడతలు విప్పింది. కమిషనర్ గారు నా వంక చూశారు. నాకు నిబంధన చెప్పడమంటే నీళ్ళు తాగినట్టే. "డిపాజిట్ చేసిన వస్తువును రసీదు చూపినవారి చేతికే ఇవ్వాలండి. వెనక అచ్చేసి ఉందండి. తుపాకుల నిబంధనండి," అన్నాను.

కమిషనర్ గారి మొహం వలలోంచే ఎర్రబడటం కనిపించింది. "పునఃప్రవేశానికి నిరాకరిస్తే పథకం నుంచి తొలగిస్తాం. పెట్టె వెనక్కి తీసుకుంటాం. పేరు తీసేస్తాం. తెలుసా?"

మంగతాయారు పెట్టె మీది ఎర్ర అక్షరాల వంక చూసింది. పక్కకి వంగి 'రు' కూడా చూసుకుంది. కొంగుతో దాని మీది దుమ్ము తుడిచింది. ఆవిడ ఒప్పుకుంటుందనే అనుకున్నాను.

"గీకేసుకోండి బాబూ," అంది. "పేరు కోసం తల్లిని చంపుకోలేనండి."

అగ్గిపెట్టె ఆవిడ చేతిలో పెట్టాను. ఇక ఈగల సంగతేమిటన్నది ప్రశ్న. మా స్టోర్సు నిబంధనల్లో పెట్టెల వాపసు గురించి ఒక్క ముక్కే ఉంది. అది పూర్వం విత్తనాల పెట్టెల కోసం రాసింది: వాపసు చేయు పెట్టెలు ఖాళీగాను, శుభ్రముగాను ఉండవలెను. ఆ ముక్క నేనే చదివి వినిపించాను. నిబంధన కాబట్టి ఎవరూ కాదనలేదు. మర్నాడు ఆవిడ ఈగలన్నీ దింపేసుకుని, పెట్టె కడిగి, ఎండబెట్టి, మూతకి పసుపు రాసి బొట్టు పెట్టి పంపింది.

మిగతా పెట్టెల ముందు సాయంత్రానికే తల్లులు చచ్చి పడి ఉన్నాయి. అవి పోవడంతో మా ఇబ్బందులన్నీ తీరిపోయాయి. మరణ ధ్రువపత్రాలు వచ్చాయి. కూతుళ్ళ రివర్షన్ ఉత్తర్వులు రద్దయి కారుణ్య నియామకాలు ఖరారయ్యాయి. ఎన్నాళ్ళుగానో తెగని ఆడిట్ అభ్యంతరం ఒక్క వేటుకి తెగింది.

పేరు గీకమని భద్రానికి చెప్తే, రాసిన చేత్తో గీకలేనండి అని టీ తేవడానికి వెళ్ళిపోయాడు. టీ తాగి నేనే గరుకు కాగితం పెట్టి రుద్దాను. పక్క చెక్క సంగతి మరిచిపోయాను.

సున్నా నిష్క్రమణ సాధించినందుకు మా డివిజనుకి అవార్డు వచ్చింది. రాజధానిలో సభ. ఆదర్శ పెట్టె ఒకటి వేదిక మీద పెట్టాలన్నారు. ఈగలున్న పెట్టె పెడితే కుడతాయని భయపడి, మా దగ్గరున్న ఖాళీ పెట్టె పట్టుకెళ్ళాం. కమిషనర్ గారు దాని మీద చెయ్యి వేసి ఉపన్యసించారు.

"ఈ పెట్టెను చూడండి. దీన్లోంచి ఒక్క ఈగ కూడా బయటికి వెళ్ళలేదు. వెళ్ళదు. ఎన్నటికీ వెళ్ళదు. ప్రతి పెట్టే ఇలా ఉండాలన్నదే నా కల."

కింద కూర్చున్న నాకు పక్క చెక్క కనిపిస్తోంది. దాని మీద ఎర్రగా 'రు' ఒక్కటే మిగిలి ఉంది. మూర్తిగారు ఆ సభకి రాలేదు. సెలవు పెట్టారు.

ఆ తర్వాత నెలలో కొత్త సర్క్యులర్ వచ్చింది. తొలగింపబడిన లబ్ధిదారులు కొందరు ప్రభుత్వ మూలము గల ఈగలను కుండలలో పెట్టి అనధికారముగా రెట్టింపు చేయుచున్నట్లు తెలియవచ్చినది. విచారించి, కుండలతో సహా స్వాధీనపరచుకొనవలెను. కొందరు అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఫైలు చంకలో పెట్టుకుని రేవు దాటి నేరేడులంక వెళ్ళాను.

చూరు కింద ఈ చివర ఒక కుండ, ఆ చివర ఒక కుండ ఉట్టికట్టి ఉన్నాయి. రెండింటి చిల్లుల్లోంచీ ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి. పెరట్లో బీర పందిరి నిండా పువ్వు. నా బీరువాలో విన్న మోతే, కాకపోతే ఇక్కడ ఎక్కువగా ఉంది. మంగతాయారు మంచినీళ్ళిచ్చి పీట వేసింది.

"అదిగోనండి, ఆ చివర్న తల్లండి. ఈ చివర్న కూతురండి. డాక్టరు మూర్తిగారు ఆదివారం ఆదివారం వచ్చి చూసెళ్తన్నారండి."

కుండలు సున్నం కొట్టి తెల్లగా ఉన్నాయి. వాటి మీద ఎక్కడా అక్షరం ముక్క లేదు. సున్నం డబ్బా, కుంచె గోడవారగా ఇంకా అలాగే ఉన్నాయి.

"ఇవి నీ సొంతం కదమ్మా. వీటి మీద పేరు రాసుకోలేదేం?"

మంగతాయారు నా చంకలోని ఫైలు వంక చూసింది. కోపంగా ఏం కాదు.

"పేరు రాత్తే మీరొచ్చేత్తారు కదండీ," అంది.

మంచినీళ్ళు తాగి, రేవు దాటి ఆఫీసుకొచ్చి రిపోర్టు రాశాను. "సదరు గృహమును తనిఖీ చేయడమైనది. చూరు క్రింద రెండు కుండలు గలవు. అవి మంచినీళ్ళ కుండలు. ఈగలు లేవు."

అవార్డు తెచ్చిపెట్టిన రిపోర్టులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇది మాత్రం పచ్చి అబద్ధం. అందుకే దీని కింద గీతా చుక్కా పెట్టలేదు. ఇంటిపేరుతో సహా, నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను.